డోమ్ వద్దు, గామా కిరణాల గది తెరవండి: గోదావరి డెల్టా డిగ్రీ కళాశాలలకు బహిరంగ లేఖ

గోదావరి డెల్టాలోని డిగ్రీ కళాశాలల ప్రిన్సిపాళ్లకు, ఫిజిక్స్ శాఖాధిపతులకు, పాలకవర్గ సభ్యులకు నమస్కారం.

సైన్సు బ్లాకు డాబా మీద డోమ్ కట్టించి అందులో పెద్ద టెలిస్కోపు పెట్టించాలన్న ఆలోచన మీలో కొందరికి ఉంది. పిల్లలకు ఆకాశం దగ్గర చేయాలన్న మీ తపనే మాదీను. అయినా ఆ డబ్బు డోమ్ మీద పోయవద్దనీ, అందులో కొంత భాగంతోనే గామా కిరణ విస్ఫోటాల (ఆకాశంలో ఎక్కడో హఠాత్తుగా మెరిసి కాసేపట్లో ఆరిపోయే గామా కిరణాల మెరుపుల) మీద పనిచేసే గది ఒకటి తెరవమనీ అడగడానికి ఈ లేఖ రాస్తున్నాం. ఎందుకో, ఎలాగో, ఎక్కడెక్కడ లెక్క తప్పుతుందో వివరంగానే చెబుతాం. చదివాక మీ అధ్యాపకులతో కూర్చుని తేల్చుకోండి.

ముందు మన ఆకాశం సంగతి ఉన్నదున్నట్టు ఒప్పుకోవాలి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా మబ్బు. అక్టోబరు, నవంబరుల్లో తుపాన్లు. మిగతా నెలల్లో సముద్రం మీంచి వచ్చే తేమ. చేపల చెరువుల గట్ల మీద రాత్రంతా వెలిగే దీపాలు సరేసరి. ఉప్పుగాలి సోకితే అద్దాల పూతా నిలవదు, గేర్లూ నిలవవు. శని వలయాలూ చంద్రుడి గుంటలూ చూపించడానికి చేత్తో బయటికి మోసుకెళ్లే ఆరంగుళాల టెలిస్కోపు చాలు. చూపించాక లోపల పెట్టి తాళం వేసుకోవచ్చు. పరిశోధన పేరుతో డోమ్ కడితే మాత్రం ఏడాదిలో ఎక్కువ రాత్రులు అది మూతపడే ఉంటుంది.

ఒక్క రాత్రి ఉదాహరణ చూడండి. 2022 అక్టోబరు 9, ఆశ్వయుజ పౌర్ణమి. మన టైము ప్రకారం సాయంత్రం 6 గంటల 46 నిమిషాల 59 సెకన్లకు నాసా వారి ఫెర్మి ఉపగ్రహంలోని గామా విస్ఫోట మానిటర్ ట్రిగ్గర్ అయింది. అప్పటిదాకా నమోదైన వాటన్నిటిలోకీ ప్రకాశవంతమైన విస్ఫోటం అదే: జీఆర్‌బీ (గామా రే బరస్ట్) 221009ఎ. శ్రవణ నక్షత్రానికి కాస్త వాయవ్యంగా ఉన్న ఆ బిందువు, లెక్కగడితే, ఆ క్షణాన అమలాపురం నడినెత్తికి పదకొండు పన్నెండు డిగ్రీల దూరంలోనే ఉంది. పొద్దుగూకి గంట దాటింది. అంత తీవ్రమైన కిరణాలు మన నెత్తి మీదే పడుతున్నా నేల మీద ఏ కంటికీ, ఏ మామూలు టెలిస్కోపుకూ ఆ గామా వెలుగు నేరుగా అందలేదు. గాలి వాటిని పైపొరల్లోనే మింగేసింది. ఎగువన అయనావరణం (విద్యుదావేశం ఉన్న వాతావరణపు పైపొర) మాత్రం ఉలిక్కిపడింది.

మరి దాని వెనక వచ్చే మామూలు వెలుగు? స్విఫ్ట్ ఉపగ్రహం దాని చోటు పట్టేసరికి 7 గంటల 40 నిమిషాలు. మొదట అది మన పాలపుంతలోదే అనుకున్నారు. అప్పటికే వెలుగు 16వ ప్రకాశ తరగతి (అంకె పెరిగేకొద్దీ వెలుగు తక్కువ) దాటి మసకబారింది. దారిలో పాలపుంత ధూళి అడ్డు, ఇటు తూర్పున పున్నమి చంద్రుడు, కింద మన తేమ. డాబా మీద టెలిస్కోపు ఉన్నా ఆ రాత్రి దక్కేది శూన్యమే. ఆ పనికి లద్దాఖ్‌లోని హాన్లేలో, 4,500 మీటర్ల ఎత్తున, 70 సెంటీమీటర్ల గ్రోత్-ఇండియా టెలిస్కోపు ఉంది. అక్కడి పని అక్కడ జరగనిద్దాం.

అదే విస్ఫోటం తాలూకు ఫెర్మి లెక్కలు, ఒక్కో ఫోటాన్ వచ్చిన సమయంతో సహా, ఎవరైనా ఉచితంగా దించుకునేలా ఉన్నాయి. ఆ ఫైలు హాన్లేకి ఎంత దూరమో ముమ్మిడివరానికీ అంతే దూరం. ఖగోళశాస్త్రంలో మన డెల్టాకు వాతావరణం అడ్డురాని శాఖలు చాలా తక్కువ. ఇది వాటిలో ఒకటి కాబట్టే పట్టుబట్టి అడుగుతున్నాం.

విషయం తెలియనివారి కోసం నాలుగు ముక్కలు. 1963 నాటి అణుపరీక్షల నిషేధ ఒప్పందాన్ని ఎవరైనా ఉల్లంఘిస్తున్నారేమో చూడటానికి అమెరికా పంపిన వేలా ఉపగ్రహాలు 1967 జూలై 2న మొదటి విస్ఫోటాన్ని నమోదు చేశాయి. అవి భూమి నుంచీ సూర్యుడి నుంచీ వస్తున్నవి కావని తేల్చి 1973లో ప్రకటించారు. 1991లో వెళ్లిన కాంప్టన్ ఉపగ్రహంలోని బాట్సీ పరికరం తొమ్మిదేళ్లలో 2,704 విస్ఫోటాలు పట్టింది. అవి ఆకాశమంతటా సమంగా పరుచుకుని ఉన్నాయని, 2 సెకన్ల దగ్గర పొట్టివీ పొడుగువీ అని రెండు జాతులుగా విడిపోతాయని చూపించింది. దూరం తేలింది మాత్రం 1997లో. బెప్పోశాక్స్ ఉపగ్రహం ఫిబ్రవరి 28 నాటి విస్ఫోటానికి ఎక్స్-రే అనుదీప్తిని (విస్ఫోటం తర్వాత మెల్లగా ఆరే వెలుగును) పట్టుకుంది, చోటు తెలిసింది, భూమ్మీది టెలిస్కోపులు అటు తిరిగాయి. చోటు తెలియనంత కాలం ముప్పై ఏళ్లు గడిచాయి. తెలిసిన కొద్ది నెలల్లోనే అవి వందల కోట్ల కాంతి సంవత్సరాల దూరానివని తేలిపోయింది. అందుకే పట్టడం కంటే చోటు చెప్పడం పెద్ద పని. పిల్లలకు మేం నేర్పించాలంటున్నదీ ముఖ్యంగా అదే.

ముందు పట్టడం. ఫెర్మిలో 12 సోడియం అయొడైడ్ బిళ్లలు ఉన్నాయి. ఒక్కొక్కటి 12.7 సెంటీమీటర్ల వ్యాసం, 1.27 సెంటీమీటర్ల మందం, తలో దిక్కుకు తిరిగి ఉంటాయి. 8 కిలో ఎలక్ట్రాన్‌వోల్టుల నుంచి పది లక్షల ఎలక్ట్రాన్‌వోల్టుల దాకా శక్తి ఉన్న ఫోటాన్లను అవి చూస్తాయి. అంతకు పైశక్తులకు రెండు బిస్మత్ జర్మనేట్ స్ఫటికాలు. ఫోటాన్ వచ్చి స్ఫటికంలో పడితే చిన్న మెరుపు, దాన్ని లెక్కపెట్టే ట్యూబు. ఇక మిగిలేది అంకెలే. విస్ఫోటం లేనప్పుడు కూడా అంతరిక్షం ఊరుకోదు, లెక్క పడుతూనే ఉంటుంది. ఒక బిళ్లలో 50–300 కిలో ఎలక్ట్రాన్‌వోల్టుల మధ్య సెకనుకు 320 బ్యాక్‌గ్రౌండ్ లెక్కలు ఉన్నాయనుకుందాం. 0.256 సెకన్ల కిటికీలో 82 రావాలి. దాని సహజమైన ఊగిసలాట వర్గమూలం, అంటే 9. ఉపగ్రహం 4.5 సిగ్మా (ఆ ఊగిసలాటకు నాలుగున్నర రెట్లు) దాటితేనే నమ్ముతుంది కాబట్టి ఆ కిటికీలో సుమారు 123 దాటాలి. అదీ ఒక బిళ్లలో కాదు, కనీసం రెండింట్లో ఒకేసారి.

రెండెందుకు అని పిల్లలు తప్పక అడుగుతారు. జవాబు వాళ్లచేతే కట్టించండి. 16 మిల్లీసెకన్ల కిటికీలు రోజుకు 54 లక్షలు. 4.5 సిగ్మా ఊరికే దాటే అవకాశం పది లక్షల్లో 3.4. అంటే ఒక్క బిళ్లను నమ్మితే రోజుకు 18 దొంగ విస్ఫోటాలు. నిజానికి ఇంకా ఎక్కువే, ఎందుకంటే 16 మిల్లీసెకన్లలో వచ్చేది ఐదు లెక్కలే, అంత తక్కువ సంఖ్యల్లో పంపకం సమంగా ఉండదు, పైవైపు తోక పొడుగ్గా ఉంటుంది. వీటికి తోడు బరువైన విశ్వకిరణం ఒకటి స్ఫటికంలోంచి దూసుకుపోతే ఆ ఒక్క బిళ్ల కాసేపు మెరుస్తూనే ఉంటుంది. రెండో బిళ్ల సాక్ష్యం అడిగితే ఈ బెడద చాలావరకు తీరుతుంది.

రెండూ ఒప్పుకున్నవన్నీ విస్ఫోటాలే అనుకోకూడదు. సూర్యజ్వాల వస్తే సూర్యుడి వైపు బిళ్లలు, అదీ తక్కువ శక్తుల్లో, నిమిషాల తరబడి ఎగుస్తాయి. భూమి అంచు చాటునుంచి ప్రకాశవంతమైన ఎక్స్-రే మూలం పైకి వస్తే లెక్క మెట్టులా ఒక్కసారి లేచి అక్కడే ఉండిపోతుంది. మిల్లీసెకనులోపు ముగిసే మెరుపైతే అది ఉరుముల మేఘాల్లో పుట్టిన భూగామా మెరుపు. ఫెర్మి కక్ష్య వాలు 25.6 డిగ్రీలు కాబట్టి అది మన డెల్టా మీదుగా కూడా తిరుగుతుంది. బంగాళాఖాతపు తుపాను మేఘాలు దాని కంటికి కొత్త కాదు.

ఇక చోటు చెప్పడం. దారులు మూడు.

మొదటిది ఫెర్మిది. మూలానికి ఎదురుగా ఉన్న బిళ్లకు ఎక్కువ లెక్కలు, వాలుగా ఉన్నదానికి తక్కువ, వెనక ఉన్నదానికి ఇంకా తక్కువ. 12 బిళ్లల నిష్పత్తులు తీసుకుని, ఆకాశంలో ప్రతి డిగ్రీకీ ముందే కట్టి పెట్టుకున్న పట్టికతో పోల్చి, ఏ దిక్కుకు బాగా కుదిరితే ఆ దిక్కు. వినడానికి ఇంతే. చిక్కంతా చెదిరిన ఫోటాన్లతో వస్తుంది. గామా కిరణాలు భూమి వాతావరణానికి తగిలి వెనక్కి వస్తాయి, ఉపగ్రహపు ఒంటికి తగిలి పక్క బిళ్లలో పడతాయి. అవి ఎన్ని అన్నది విస్ఫోటం వర్ణపటాన్ని బట్టి మారుతుంది. అందుకే ఎంత ప్రకాశవంతమైన విస్ఫోటానికైనా మూడు నాలుగు డిగ్రీల తేడా తప్పదు, మసకవాటికి పది దాటుతుంది. లెక్కలు ఎన్ని పెరిగినా ఈ తేడా తగ్గదు. సంఖ్యాశాస్త్రపు తేడాకూ పద్ధతిలోని తేడాకూ భేదం చెప్పడానికి ఇంతకంటే మంచి పాఠం మాకు కనిపించలేదు.

రెండోది స్విఫ్ట్‌ది. 2004 నవంబరు 20న వెళ్లింది. దాని ప్రధాన పరికరంలో 32,768 కాడ్మియం జింక్ టెల్యురైడ్ ముక్కలు పరిచి ఉంటాయి. మీటరు ఎత్తున, 50 వేలకు పైగా చిన్న సీసపు పలకలను క్రమం లేకుండా అతికించిన ముసుగు. కొబ్బరాకుల పందిరి కింద నేలమీద పడే ఎండ చుక్కలు పొద్దు వాలేకొద్దీ జరిగినట్టు, మూలం దిక్కు మారితే ముసుగు నీడ కింద జరుగుతుంది. నీడ ఎంత జరిగిందో చూస్తే దిక్కు తెలుస్తుంది. పలక 5 మిల్లీమీటర్లు, ఎడం 1 మీటరు. భాగిస్తే 17 ఆర్క్‌నిమిషాలు (ఆర్క్‌నిమిషం అంటే డిగ్రీలో అరవయ్యో వంతు), ముసుగు చూపు సన్నదనం అంత. నీడ మధ్యబిందువును కొలిస్తే 1 నుంచి 4 ఆర్క్‌నిమిషాల దాకా దిగవచ్చు. పలకలు క్రమంలో ఉంటే ఒక నీడకు అనేక దిక్కులు కుదురుతాయి. క్రమం లేకపోవడమే ఇక్కడ సుగుణం. చోటు తెలియగానే ఉపగ్రహం ఎవరినీ అడక్కుండా తనే అటు తిరిగి, ఓ నిమిషం అటూ ఇటుగా, ఎక్స్-రే టెలిస్కోపుతో కొద్ది ఆర్క్‌సెకన్ల చోటు చెబుతుంది. లోపం ఏమిటంటే, ఒకేసారి ఆకాశంలో తొమ్మిదో వంతు కంటే ఎక్కువ చూడలేదు. ఫెర్మి చూపు మోటు, కానీ భూమి చాటున లేనిదంతా చూస్తుంది.

మూడోది కాలభేదం. ఇది మా అందరికీ ఇష్టమైనది, ఇంటర్ లెక్కలు వచ్చినవాళ్లు కూడా చేయగలది. ఒకే విస్ఫోటం దూరదూరంగా ఉన్న రెండు ఉపగ్రహాలను వేర్వేరు క్షణాల్లో తాకుతుంది. ఆ తేడాను కాంతివేగంతో గుణించి, వాటి మధ్య దూరంతో భాగిస్తే కోణం కొసైను వస్తుంది. భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరాన విండ్ అంతరిక్షనౌకలో కోనస్ అనే పరికరం ఉంది. అంత దూరం కాంతికి 5 సెకన్లు. తేడా 2.5 సెకన్లు వస్తే కొసైను 0.5, కోణం 60 డిగ్రీలు. అంటే ఆ కోణంతో ఆకాశంలో గీసిన వలయం మీద ఎక్కడో మూలం ఉంది. కాలం కొలతలో 10 మిల్లీసెకన్ల అనిశ్చితి ఉంటే వలయం మందం అటూ ఇటూ 8 ఆర్క్‌నిమిషాలే. అదే 6,000 కిలోమీటర్ల ఎడంలో భూమి చుట్టూ తిరిగే రెండు ఉపగ్రహాలతో చేస్తే? కాంతికి పట్టేది 20 మిల్లీసెకన్లు. కొలత తప్పే 10 మిల్లీసెకన్లు. సగం ఆకాశం వలయంలో పడిపోతుంది. మూడో ఉపగ్రహం ఉంటే రెండు వలయాలు రెండు చోట్ల ఖండించుకుంటాయి, ఆ రెంటిలో ఏదో తేల్చడానికి నాలుగో సాక్ష్యం కావాలి.

ఈ లెక్కలో ఒక మెలిక ఉంది. తక్కువ శక్తి ఫోటాన్లు చాలా విస్ఫోటాల్లో కాస్త ఆలస్యంగా వస్తాయి. ఒక ఉపగ్రహం నుంచి 50–300, ఇంకోదాన్నుంచి 20–100 కిలో ఎలక్ట్రాన్‌వోల్టుల కాంతి రేఖలు (సమయంతో లెక్కలు మారే తీరు చూపే గీతలు) తీసుకుని పక్కపక్కన జరిపి పోలిస్తే, ఆ సహజమైన ఆలస్యం దారి తేడాలా కనిపించి వలయం పక్కకు జరుగుతుంది. శక్తి మేర రెండింట్లోనూ ఒకటే ఉండాలి.

మన దేశపు ఆస్ట్రోశాట్ సంగతి వేరుగా చెప్పాలి. 2015 సెప్టెంబరు 28న పీఎస్‌ఎల్‌వీ-సీ30 మీద శ్రీహరికోట నుంచి వెళ్లింది. అందులోని సీజడ్‌టీఐ (కాడ్మియం జింక్ టెల్యురైడ్ ఇమేజర్) పరికరంలో 64 మాడ్యూళ్లు, ఒక్కో దాంట్లో 256 చొప్పున మొత్తం 16,384 పిక్సెళ్లు. స్విచ్ వేసిన రోజే, అక్టోబరు 6న, జీఆర్‌బీ 151006ఎను చూసింది. 2022 నాటికి 500 దాటింది. 100 కిలో ఎలక్ట్రాన్‌వోల్టులు దాటాక దాని పక్కగోడలు పారదర్శకమవుతాయి కాబట్టి ఎటునుంచి వచ్చినా చూడగలదు, కానీ ఎటునుంచో చెప్పడం దానికి కష్టం. అయితే ఫోటాన్ ఒక పిక్సెల్‌లో చెదిరి పక్క పిక్సెల్‌లో ఆగితే, ఆ జంటలు ఏ దిశల్లో ఎక్కువ పడ్డాయో లెక్కించి కిరణాల ధ్రువణం కొలుస్తుంది. ఇది చేయగల పరికరాలు ప్రపంచంలోనే తక్కువ. దీని దత్తాంశం బైలాలులోని ఇస్రో కేంద్రం ద్వారా అందుతుంది. పరికరం బాగోగులు చూసేది పుణెలోని ఖగోళ పరిశోధన సంస్థ ఆయుకా. మన పిల్లలు రెండో ఏడాది దీని మీదికి రావాలన్నది మా కోరిక. మొదటి ఏడాది ఫెర్మి ఫైళ్లే నయం. అవి శుభ్రంగా ఉంటాయి. సీజడ్‌టీఐ ఫైళ్లలో విశ్వకిరణాల గుంపు లెక్కలు, అదేపనిగా అరిచే పిక్సెళ్లు ముందు ఏరెయ్యాలి.

మొదటి అభ్యాసం ఏదో కూడా చెబుతాం: 2017 ఆగస్టు 17 నాటి జీఆర్‌బీ 170817ఎ. రెండు న్యూట్రాన్ తారలు ఢీకొన్న గురుత్వ తరంగం వచ్చిన 1.7 సెకన్లకు ఇది వచ్చింది. ఫెర్మి జాబితాలో దీని పేరు 170817529. చివరి మూడంకెలు రోజులో ఎన్నో వంతో చెబుతాయి: 0.529ను 24తో గుణిస్తే 12.7 గంటలు, అంటే యూటీసీ (అంతర్జాతీయ ప్రామాణిక సమయం) 12:41. మన టైము సాయంత్రం 6:11. నాసా హీసార్క్ భాండాగారం నుంచి ఎన్1, ఎన్2, ఎన్5 బిళ్లల ఫోటాన్-సమయ ఫైళ్లు దించాలి. తెరిస్తే ప్రతి ఫోటాన్‌కూ రెండే అంకెలు, వచ్చిన సమయం, 128 శక్తి చానెళ్లలో ఏ చానెల్ అన్నది. 50–300 కిలో ఎలక్ట్రాన్‌వోల్టుల చానెళ్లు ఏరి, మూడు బిళ్లలూ కలిపి, 0.256 సెకన్ల గళ్లలో పోసి గీస్తే సున్నా సెకను దగ్గర చిన్న కొమ్ము లేస్తుంది.

లేవకపోతే నూటికి తొంభై పాళ్లు గడియారం తప్పు. ఫెర్మి కాలం 2001 జనవరి 1 నుంచి సెకన్లలో నడుస్తుంది. 2017 ఆగస్టు 17 యూటీసీ 12:41:06కి మామూలుగా రోజుల్ని 86,400తో గుణించి కడితే 524666466 వస్తుంది. ఫైలులో ట్రిగ్గర్ సమయం 524666471. మధ్యలో వచ్చిపోయిన ఐదు లీప్ సెకన్లు (భూభ్రమణంతో సరిపెట్టడానికి గడియారాలకు అదనంగా చేర్చేవి) కలపడం మరిచారన్నమాట. విస్ఫోటం మొత్తం రెండు సెకన్లే అయినప్పుడు ఐదు సెకన్ల తప్పు అంటే ఖాళీ ఆకాశాన్ని వెతుకుతున్నట్టే. ఆస్ట్రోశాట్ గడియారం 2010 నుంచి మొదలవుతుంది, మన గోడ గడియారం యూటీసీకి ఐదున్నర గంటలు ముందు. గోడమీద రెండో గడియారం యూటీసీలో పెట్టండి, సగం తప్పులు అక్కడే తీరతాయి.

తర్వాతి తప్పు గడి వెడల్పు. అర సెకనులో 100 అదనపు లెక్కలు వచ్చాయనుకోండి. అర సెకను గడిలో బ్యాక్‌గ్రౌండ్ 160, ఊగిసలాట 12.6, విస్ఫోటం 8 సిగ్మాతో నిలబడుతుంది. అదే 4 సెకన్ల గడిలో పోస్తే బ్యాక్‌గ్రౌండ్ 1,280, ఊగిసలాట 36, మిగిలేది 2.8 సిగ్మా. ఉన్న విస్ఫోటం మన చేతులతో మనమే చెరిపేసుకున్నట్టు. అందుకే ఉపగ్రహం 16 మిల్లీసెకన్ల నుంచి 8 సెకన్ల దాకా అనేక వెడల్పులతో ఒకేసారి వెతుకుతుంది.

అన్నిటికంటే మొండిది బ్యాక్‌గ్రౌండ్. ఉపగ్రహం గంటన్నరకోసారి భూమిని చుట్టేస్తుంటే నేపథ్యం ఏటవాలుగా మారుతూనే ఉంటుంది. విస్ఫోటానికి ముందు 60 నుంచి 10 సెకన్లు, తర్వాత 10 నుంచి 60 సెకన్లు తీసుకుని సరళరేఖ పట్టించాలి. పొడుగు విస్ఫోటమైతే ఇంకా దూరం జరిగి రెండో తరగతి వక్రం. నాలుగో తరగతి వక్రం వేస్తే అది విస్ఫోటాన్నే కొంత మింగేస్తుంది, అయినా గీత అందంగా కుదిరిందని పిల్లలు సంబరపడతారు. బ్యాక్‌గ్రౌండ్ తీసేసి లెక్కల్ని కూడుతూ పోయి, మొత్తంలో 5 శాతం నుంచి 95 శాతం దాకా పట్టిన కాలమే టీ90. ఈ విస్ఫోటానికి ప్రచురించిన విలువ 2.0, అటూ ఇటూ 0.5 సెకన్లు. ఒకే తరగతిలో ఒకరికి 1.4, ఇంకొకరికి 2.6 వస్తే తప్పుపట్టవద్దు. ఎవరు ఏ అవధులు తీసుకున్నారో పక్కపక్కన పెట్టి మాట్లాడించండి. మార్కులు వేయాల్సింది ఆ మాటలకే.

చోటు సంగతి కూడా ఇదే విస్ఫోటంతో అర్థమవుతుంది. ఫెర్మి ఒక్కటే చెప్పిన చోటు 90 శాతం నమ్మకంతో 1,100 చదరపు డిగ్రీలు. పున్నమి చంద్రుడు 0.2 చదరపు డిగ్రీ. గురుత్వ తరంగ శోధకాలు దాన్ని సుమారు 30కి కుదించాయి. అందులోని గెలాక్సీలు ఒక్కొక్కటే చూస్తూ పోయి, దాదాపు 11 గంటల తర్వాత చిలీలోని మీటరు టెలిస్కోపుతో ఎన్‌జీసీ 4993లో వెలుగును కనిపెట్టారు. మన సీజడ్‌టీఐకి ఆ క్షణాన భూమి అడ్డొచ్చింది, ఏమీ కనబడలేదు. కనబడకపోవడం కూడా కొలతే, మూలం ఉండదగిన మేరను అది తగ్గించింది. ఈ మాట పిల్లలచేత లెక్కతో నిరూపింపజేయండి.

221009ఎ ఫైళ్లు మాత్రం చివరికి ఉంచండి. అంత వరదలో ఫెర్మి ఎలక్ట్రానిక్స్ ఉక్కిరిబిక్కిరైంది, ఫోటాన్ల మీద ఫోటాన్లు పడి శిఖరం చదునైంది. ఆ భాగంలో వర్ణపటం కడితే అబద్ధం వస్తుంది.

ఫైళ్లతో పాటు చేత్తో చేసే ప్రయోగం ఒకటి ఉండాలన్నది మా గట్టి నమ్మకం. సోడియం అయొడైడ్ కొనకండి. అది గాలిలో తేమ పీలుస్తుంది, మూత సీలు కాస్త వదిలినా మన దగ్గర పసుపెక్కి పాడైపోతుంది. సిలికాన్ ఫోటోమల్టిప్లయర్ (మెరుపును విద్యుత్ సంకేతంగా మార్చే చిప్పు) అతికించిన సీజియం అయొడైడ్ డిటెక్టర్లు నాలుగు కొనండి, 5 సెంటీమీటర్ల చదరం, 2 సెంటీమీటర్ల మందం చాలు. గామా మూలానికి అణుశక్తి నియంత్రణ మండలి అనుమతులు అవసరమయ్యే సీజియం-137 జోలికి పోవద్దు. ఎరువుల కొట్లో దొరికే మ్యూరియేట్ ఆఫ్ పొటాష్ బస్తా చాలు. అందులో సగం బరువు పొటాషియమే. గ్రాము పొటాషియంలో సెకనుకు 31 విఘటనలు, వాటిలో నూటికి సుమారు 10.7 పాళ్లకు 1,461 కిలో ఎలక్ట్రాన్‌వోల్టుల గామా. కిలో ఎరువుకు సెకనుకు 1,600కు పైగా ఫోటాన్లన్నమాట.

రెండొందల లీటర్ల ప్లాస్టిక్ డ్రమ్మును నీళ్లతో నింపి, నాలుగు పక్కలా నాలుగు డిటెక్టర్లు కట్టండి. డ్రమ్మే ఉపగ్రహపు ఒళ్లు. 58 సెంటీమీటర్ల నీరు ఈ ఫోటాన్లను నేరుగా దాటనిచ్చేది నూటికి మూడు నాలుగే. మీటరు దూరంలో 50 కిలోల బస్తాను 30 డిగ్రీలకొకసారి జరుపుతూ, ఒక్కోచోట పది నిమిషాలు లెక్కించి పట్టిక తయారుచేయాలి. బస్తా లేకుండా ముందొక పది నిమిషాలు, చివర ఇంకో పది. ఆ తర్వాత డిటెక్టర్ల జట్టును బయటికి పంపి, ఇంకో జట్టు బస్తాను తమకిష్టమైన చోట పెట్టి గోనె కప్పేయాలి. లోపలికొచ్చినవాళ్లు నాలుగు అంకెలతోనే దిక్కు చెప్పాలి. వర్ణపటంలోని 1,461 రేఖ కంటే తక్కువ శక్తి లెక్కల్ని కూడా కలిపితే దిక్కు చెడుతుంది, అవి నీళ్లలోనూ గోడలకూ తగిలి చెదిరినవి. ఫెర్మికి భూమి వాతావరణం చేసే చెరుపు ఏమిటో అక్కడ ప్రత్యక్షంగా తెలుస్తుంది. ఇంకొకటి, సిలికాన్ ఫోటోమల్టిప్లయర్ గెయిన్ (సంకేతాన్ని పెంచే పాళ్లు) ఉష్ణోగ్రతను బట్టి మారుతుంది. పొద్దున ఒకచోట ఉన్న 1,461 రేఖ మే నెల మధ్యాహ్నం కిందికి జారుతుంది. ప్రతి లెక్కింపు మొదట్లో రేఖ చోటు రాసుకోవాలి.

మీరు చేయాల్సిందల్లా ఇదీ. ఒక గది, 16 జీబీ మెమరీ ఉన్న నాలుగు లినక్స్ కంప్యూటర్లు, తుపాను రోజుల కోసం ఇన్వర్టరు. సాఫ్ట్‌వేర్‌కు రూపాయి అక్కర్లేదు; పైథాన్, నాసా వారి గామా-రే డేటా టూల్స్, హీసాఫ్ట్ అన్నీ ఉచితమే. నెట్ రోజంతా ఉండాలన్న నియమమూ లేదు, ఇరవై విస్ఫోటాల ఫైళ్లు ఒక హార్డ్ డిస్కులో ముందే పెట్టుకుంటే సెమిస్టరంతా నడుస్తుంది. ఫిజిక్స్, మ్యాథ్స్, కంప్యూటర్స్ పిల్లల్ని కలిపి ఆరేసి మంది జట్లుగా తీసుకోండి. దీన్ని సెమిస్టర్ ఇంటర్న్‌షిప్‌గా గుర్తించండి. రికార్డు పుస్తకంలో పేజీలు లెక్కపెట్టకుండా, తీసుకున్న అవధులు, వచ్చిన సిగ్మా, టీ90, అనిశ్చితి ఉన్న ఒక్క పట్టికను అడగండి.

జట్లు కుదురుకున్నాక, విస్ఫోటాల కబురు వెంటనే పంపే నాసా వ్యవస్థ జీసీఎన్ హెచ్చరికలకు పేరు నమోదు చేయించండి, అదీ ఉచితమే. 2017 నాటి విస్ఫోటానికి మొదటి హెచ్చరిక 14 సెకన్లలో వచ్చింది. ఫెర్మి మొదట ఉపగ్రహం మీంచే పంపే చోటుకూ, తర్వాత భూమ్మీద కట్టి పంపే చోటుకూ చాలా డిగ్రీల తేడా ఉండవచ్చు. మొదటిది చూసి ఎవరికీ ఏమీ ప్రకటించకుండా, రెండూ రాసి తేడా ఎందుకొచ్చిందో వెతకమనండి. ఏడాదికి ఫెర్మి ఒక్కటే 240 దాకా పడుతుంది, పనికి కొదవ ఉండదు.

వచ్చే విద్యా సంవత్సరం టైంటేబుల్ వేసేలోపు మీ నిర్ణయం తెలియజేయండి. ఒప్పుకున్న కళాశాలకు ఫైళ్ల డిస్కుతో మేమే వస్తాం, మొదటి నాలుగు ల్యాబులు మీ అధ్యాపకులతో కలిసి నడుపుతాం, ఇందుకు రుసుము తీసుకోం. గది చూపించేటప్పుడు ఎర్తింగ్ సరిగా ఉన్నదీ లేనిదీ ఎలక్ట్రీషియన్ చేత ముందే పరీక్షించి పెట్టండి. ఎర్తింగ్ లేని చోట ఫ్యాను స్విచ్ వేసినప్పుడల్లా డిటెక్టర్ దొంగ లెక్కలు పుట్టిస్తుంది.

ఇట్లు,
గోదావరి డెల్టాలో భౌతికశాస్త్రం చెబుతూ గామా కిరణ దత్తాంశంతో పనిచేస్తున్న అధ్యాపకులం